బుగ్గన పిప్పరమెంటు

సైకిల్ షాపు నుంచి,
ఆదివారం పొద్దున.

మహారాజశ్రీ బావగారికి,

గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, లేచి నిలబడి మరీ ప్రకటిస్తున్న ముఖ్య వార్త: మీ వంటింటి కుళాయి కారడం ఆగిపోయింది.

అవును, అదే కుళాయి. నువ్వు ఆడే రోజుల్లో "ఈ సీజన్ అవ్వనీ, చూస్తా" అన్నది. ఆట మానేశాక "మోకాలు తగ్గనీ, చూస్తా" అన్నది. ఆ తర్వాత బడిపిల్లలకి డ్రిల్లు నేర్పినన్నాళ్ళూ "సెలవులు రానీ, చూస్తా" అన్నది. నిన్న నేనెళ్ళి పాత సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కోసి, వాషర్‌లా పెట్టి బిగించాను. చుక్క లేదు. అక్క దాని ముందు కాసేపు నిలబడి, "ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పడుతుందో లేదో" అంది. మీ ఆవిడకి మంచి చేసినా కష్టమే.

ఫోనుండగా ఉత్తరమేంట్రా అంటావని తెలుసు. ఫోన్లో నువ్వు రోజూ అక్కకి "అంతా బాగుంది" అని ఒకటే పాట పాడుతున్నావు. పేపర్లో ఆటల పేజీ చూస్తే ఫుట్‌బాల్ లీగులో మీ క్లబ్బు కింద నుంచి రెండోది. ఈ రెంటిలో ఏదో ఒకటి అచ్చుతప్పు. నేను ఏడో క్లాసుతో బడికి సెలవిచ్చినవాణ్ణే, కానీ కింద నుంచి లెక్కపెట్టడం మాత్రం నాకు బాగా అలవాటు. నా ర్యాంకు ఎప్పుడూ అట్నుంచే కదా వెతుక్కునేది.

ఉత్తరాన్ని అక్క చదవదు. షాపుకే రాయి. ఏం జరుగుతోంది బావా అక్కడ?

నీ ఒక్కగానొక్క బావమరిది


క్లబ్బు మేడమీద గది,
బుధవారం.

ఒరేయ్ తుంటరీ,

ఉత్తరం అందింది. కుళాయి సంగతి సంతోషం.

అచ్చుతప్పేం లేదు. ఇంకో నాలుగు మ్యాచ్‌లున్నాయి. చివరికి అట్టడుగున మిగిలే రెండు జట్లు కింది లీగులోకి పోతాయి. నిన్న సెక్రటరీ నా గదికొచ్చాడు. కిటికీ రెక్క సరిగ్గా పడుతోందా అని రెండుసార్లు అడిగాడు. అది పడుతోందని తేలాక అసలు మాట చెప్పాడు. జట్టు కిందికి పోతే నాకూ సెలవే. ఇన్నేళ్ళకి దొరికిన పెద్ద జట్టు ఇది. నా వయసులో ఇంకోటి దొరకదు. నీకూ తెలుసు.

మధ్యలో ఆడేవాడొకడున్నాడు. నా పాత చోటే, నా ఎనిమిదో నంబరే. కాళ్ళు బంగారం. మెడ మాత్రం తిరగదు. మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నవాడికి నాలుగు వైపులా మనుషులే. బంతి కాలికి రాకముందే భుజాల మీదుగా వెనక్కి చూసుకోవాలి, ఎవడెక్కడున్నాడో ముందే తెలిసుండాలి. నేను నిద్రలో కూడా అలా చూసేవాణ్ణి. వీడికి చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. వెనక్కి చూడడు. నన్ను చూస్తాడు. వాడికి మెడపట్టు అని పేరు పెట్టాను.

మీ అక్కకి చెప్పకు.

బావ


సైకిల్ షాపు,
శుక్రవారం.

బావా,

ఆటగాడికి ముద్దుపేరు పెట్టావు, బాగుంది. నీకేం పేరు పెట్టారో వాళ్ళని అడిగావా? ఏదో పెట్టే ఉంటారు. ఏమీ పెట్టలేదంటే పైకి చెప్పుకోలేని పేరన్నమాట.

ఒక సందేహం. నీ గొంతుకేమైంది? నిన్న అక్క ఫోను పెట్టేసి, "మీ బావ గొంతు నూనె లేని తలుపులా ఉందిరా" అంది. జలుబా అంటే కాదన్నావట. మరి ఏంటి? మైదానం గీత బయట నిలబడి ఏం చేస్తున్నావు నువ్వు? పాటలా?

ఇంకో సంగతి. మీ పెద్దమాస్టార్ని చూసొచ్చాను. అదే, నిన్ను పదహారేళ్ళకి జట్టులోకి లాక్కుని తొమ్మిదేళ్ళు ఆడించిన కోచ్‌ని. వాళ్ళమ్మాయి సైకిల్ గొలుసు వేయించుకోడానికి ఇచ్చి మర్చిపోయింది, నేనే ఇంటికి పట్టుకెళ్ళాను. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద దుప్పటి. మనిషి సగమయ్యారు. నువ్వు కోచ్‌వి అయ్యావని చెప్పాను.

ఆయన ఏమన్నారో ఇప్పుడు చెప్పను. ముందు నా ప్రశ్నకి జవాబు రాయి.

నీ బావమరిది


క్లబ్బు మేడమీద గది,
సోమవారం.

ఒరేయ్,

ఆయన ఏమన్నా నాకక్కర్లేదు. తొమ్మిదేళ్ళు ఆయన కింద ఆడాను. గీత బయట నుంచి నాతో ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, అనలేదు. బుగ్గలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకుని, రైలు కోసం ఎదురుచూసేవాడిలా నిలబడేవాడు. మిగతా పది మందినీ పేరుపేరునా తిట్టేవాడు. మెచ్చుకునేవాడు కూడా. వాళ్ళని తిడుతుంటే నాకెంత కుళ్ళుగా ఉండేదో నీకు తెలీదు. ఆఖరి ఏడు ఫైనల్లో సగం ఆటకి నన్ను బయటికి పిలిచి కూర్చోబెట్టాడు. అప్పుడూ మాట లేదు. చేత్తో సైగ. కుక్కని పిలిచినట్టు. ఆ మర్నాటి నుంచి ఆయన గడప తొక్కలేదు నేను.

ఆ రోజే అనుకున్నా. నేను ఎప్పటికైనా కోచ్‌నైతే నా వాళ్ళని ఇలా గాలికొదలను అని. అందుకే అరుస్తాను. ప్రతి పాసుకీ అరుస్తాను. "ఎడమకి!" "వెనక్కి!" "ఆగు!" "ఇప్పుడు కొట్టు!" తొంభై నిమిషాలూ. గొంతు అందుకే పోయింది. సరేనా?

నిన్న మళ్ళీ ఓడిపోయాం. మూడో గోల్ ఎలా పడిందో విను, నీకు నవ్వుకోడానికి పనికొస్తుంది. మెడపట్టు కాలి దగ్గర బంతుంది. ఎటు కొట్టాలో చెప్పబోతే నాకు దగ్గొచ్చింది. మామూలు దగ్గు కాదు, కళ్ళలో నీళ్ళొచ్చే దగ్గు. నేను దగ్గుతున్నంతసేపూ వాడు బంతి మీద కాలేసి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఒకడు నింపాదిగా వచ్చి, జేబులోంచి చేతిరుమాలు తీసినట్టు తీసుకుపోయాడు.

ఇంత చెప్పినా నేర్చుకోనివాళ్ళకి ఇంకేం చెప్పను? రాజీనామా రాశాను. టేబుల్ సొరుగులో ఉంది. శనివారం సెక్రటరీకి ఇచ్చేస్తాను, వాళ్ళు గెంటేదాకా ఉండటమెందుకు. నీ షాపులో పంక్చర్లు వేయడానికి మనిషి కావాలా?

బావ

ఇంతకీ ఏమన్నాడు?


సైకిల్ షాపు,
బుధవారం.

బావా,

మనిషి అక్కర్లేదు. నువ్వొచ్చి నా పక్కన కూర్చుంటే ప్రతి పంక్చరుకీ "ఎడమకి! వెనక్కి!" అంటావు. చక్రం దానంతటదే దొర్లుకుంటూ పారిపోతుంది. సొరుగు సొరుగులాగే ఉండనీ.

ఇక విను. మాస్టారు అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నా. నువ్వు కోచ్‌వయ్యావని చెప్పగానే, "వాడా? అరుస్తున్నాడా?" అన్నారు. నాకెలా తెలుస్తుందండీ అన్నాను. "అరుస్తాడు. నామీద కోపంతో అరుస్తాడు" అన్నారు. మరి మీరెందుకు బావతో ఒక్క మాటా అనలేదు మాస్టారూ అని అడిగేశాను. నాకు సిగ్గెక్కడిది?

ఆయన నవ్వారు. "వాడి మీద అరవకుండా ఉండటానికే కదయ్యా బిళ్ళ పెట్టుకునేది! మిగతావాళ్ళకి నా నోరు కావాలి. వాడికి కళ్ళున్నాయి. నేనొక్క మాటంటే చాలు, వెనక్కి చూడటం మానేసి నన్ను చూస్తాడు. అందుకే బంతి వాడి దగ్గరికెళ్ళినప్పుడల్లా ఈ బుగ్గలోది ఆ బుగ్గలోకి తిప్పేవాణ్ణి. కరిగేదాకా నోరు తెరవకూడదని నాకు నేనే పెట్టుకున్న షరతు. కరగ్గానే ఇంకోటి" అన్నారు. మరి ఫైనల్లో కూర్చోబెట్టారేం అంటే, "మోకాలు ఈడుస్తున్నాడు. నోటితో చెబితే వాదిస్తాడు. సైగైతే వాదించలేడు కదా" అన్నారు.

అదీ సంగతి. ఈ ఉత్తరంతో ఒక పిప్పరమెంటు బిళ్ళల డబ్బా కూడా పంపుతున్నాను. రంగులవి కాదు, తెల్లవి, గుండ్రటివి, గట్టివి. కొరక్కు. చప్పరించు. శనివారం ఇవ్వాల్సిన కాగితం వచ్చే శనివారం ఇస్తే సెక్రటరీ ఏమీ ఏడవడు.

అక్కకేమీ తెలీదు. ఒట్టు.

నీ బావమరిది


క్లబ్బు మేడమీద గది,
ఆదివారం సాయంత్రం.

ఒరేయ్ తుంటరీ,

నువ్వు చెప్పేదాంట్లో నేను సగమే నమ్ముతాను. ఏ సగం నమ్మాలో తెలీకే నా ప్రాణం తీస్తున్నావు. మాస్టారు "కదయ్యా" అంటారా అని మూడు రోజులు ఆలోచించాను. ఏమో. నాతో మాట్లాడితే కదా తెలిసేది.

డబ్బా ముందు విసిరి మూల పడేశాను. మ్యాచ్‌కి బయల్దేరుతూ వెనక్కొచ్చి జేబులో వేసుకున్నాను. ఎందుకో అడగొద్దు.

నోరు మూసుకోవడం ఎంత కష్టమో నీకెప్పటికీ అర్థం కాదు, నువ్వెప్పుడూ ప్రయత్నించలేదు కాబట్టి. బంతి మెడపట్టు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ నా నాలుక దానంతటదే లేచేది. బిళ్ళ అడ్డం పడేది. నాకు దారి కనబడుతోంది, ఎడమ పక్క మైదానంలో సగం ఖాళీ, ఒక్క మాట చెబితే చాలు. పిడికిళ్ళు బిగించుకుని నిలబడ్డాను. వాడు నా వైపు చూశాడు. ఉబ్బిన బుగ్గ కనబడింది. మళ్ళీ చూశాడు. మళ్ళీ బుగ్గే. పక్కనున్న మా డాక్టరు, "పంటినొప్పా?" అని అడిగాడు. నేను తలూపాను.

మొదటి సగమంతా మందలో తప్పిపోయిన దూడలా తిరిగాడు వాడు. ఒక గోల్ మన మీద పడింది. హాఫ్ టైమ్‌లో వాడేదో అడగబోయాడు, నేను ఇంకో బిళ్ళ వేసుకున్నాను. రెండో సగంలో, ఎప్పుడో ఒకప్పుడు, వాడు నన్ను చూడటం మానేశాడు. కోపం వచ్చి మానేశాడని నా అనుమానం. ఏ కారణమైతేనేం, చూడటానికి ఇంకేమీ లేక, మెడ తిప్పాడు.

నేను చూశాను రా. కుడి, ఎడమ. అప్పుడు బంతి వచ్చింది. అది వచ్చేసరికి వాడికి అంతా తెలుసు.

గెలవలేదు. ఓడిపోలేదు కూడా. కాగితం సొరుగులోనే ఉంది. ఇంకా రెండున్నాయి.

బావ


సైకిల్ షాపు,
గురువారం.

బావా,

ఇంకో డబ్బా పంపుతున్నా. మొదటిది అప్పుడే సగం చేసుంటావని నాకు తెలుసు, నువ్వు పొద్దున్నే కూడా తింటావు.

నీ గొంతు తేరుకుందని అక్క అంది. ఫోను పెట్టేశాక వంటింట్లో ఏదో కూనిరాగం తీసింది. ఎందుకే అంటే, "ఏమీ లేదు, కుళాయి చప్పుడు లేదు కదా, ఇల్లు బోసిగా ఉంది" అంది.

మెడపట్టుకి పేరు మారుస్తావా, ఆ పాపం అలాగే మోస్తాడా?

రెండు మ్యాచ్‌లూ అయ్యేదాకా నేను రాయను. నా నోట్లో కూడా ఒక బిళ్ళ వేసుకున్నాననుకో.

నీ బావమరిది


క్లబ్బు మేడమీద గది,
సోమవారం పొద్దున.

నా ముద్దుల బావమరిదీ,

ఈ పిలుపు చూసి కంగారు పడకు. జ్వరమేం లేదు.

ముందటి మ్యాచ్ గెలిచాం, అది నువ్వు పేపర్లో చూసే ఉంటావు. నిన్నటిది పేపర్లో చూస్తే అర్థం కాదు, అందుకే రాస్తున్నా. ఓడకపోతే చాలు, లీగులో ఉంటాం. ఇంకాసేపట్లో అయిపోతుందనగా ఒకటి సున్నా, మనమే వెనక. జనం నన్ను తిడుతున్నారు. "ఏదో ఒకటి చెప్పవయ్యా!" అని ఒకాయన రెయిలింగు మీంచి వంగి అరుస్తున్నాడు. సెక్రటరీ లేచి వెళ్ళిపోయాడు. నేను గీత దగ్గర, బుగ్గలో బిళ్ళ.

మెడపట్టు మన గోల్ దగ్గర్లో ఉన్నాడు. బంతి వాడి వైపు వస్తోంది. నాకు కనబడింది: వెనక నుంచి ఒకడు వస్తున్నాడు, కుడి పక్క దూరంగా మనవాడు ఒంటరిగా పరిగెడుతున్నాడు. "కుడికి" అన్న మాట నా పళ్ళ దాకా వచ్చింది. కొరికేశాను. బిళ్ళతో పాటు పన్ను కూడా విరిగింది. ఆ టకీమన్న చప్పుడులో నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బంతి గాల్లో ఉంది. కుడికి. వాడు ముందే చూసుకున్నాడు. అక్కణ్ణుంచి గోల్ కావడానికి ఇంకో రెండు షాట్లు పట్టాయి, అవి ఎవడైనా కొడతాడు.

ఒకటి ఒకటి. ఉన్నాం. సెక్రటరీ పొద్దున్నే వచ్చి కిటికీ రెక్క సంగతి అడిగాడు. వచ్చే ఏడు కూడా నువ్వే ఉంటావు కాబట్టి కొత్తది వేయిస్తాను అన్నాడు.

అసలు సంగతి ఇది కాదు. మ్యాచ్ అయ్యాక అందరూ గంతులేస్తుంటే మెడపట్టు నా దగ్గరికొచ్చి తల వంచుకు నిలబడ్డాడు. "సార్, నామీద కోపమా?" అన్నాడు. ఎందుకురా అన్నాను. "అందరికీ చెబుతున్నారు. మూడు మ్యాచ్‌ల నుంచి నాకొక్క మాట కూడా చెప్పట్లేదు" అన్నాడు.

వాడి మొహంలో నేనే ఉన్నాను రా. పాతికేళ్ళనాటి నేను.

కూర్చోబెట్టి చెప్పాను. "కోపం కాదురా. నువ్వు చూస్తున్నావు. చూసేవాడికి చెబితే చూడటం మానేస్తాడు" అన్నాను. జేబులోంచి ఒక బిళ్ళ తీసిచ్చాను. వాడు అది నోట్లో వేసుకుని ఏడ్చాడు. నేను పంటినొప్పి వల్ల ఏడ్చాను.

ఈ మాట మాస్టారు నాకెందుకు చెప్పలేదని ఇప్పుడు కోపం లేదు. నీతో అయినా చెప్పారు. ఆదివారం వస్తున్నాను. మీ అక్క దగ్గరికి కూడా తర్వాతే, బస్సు దిగి ముందు ఆయన దగ్గరికే వెళ్తాను. ఎదురుగా కూర్చుని, ఆ మాటలన్నీ ఆయన నోట ఇంకోసారి వింటాను. వినడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నీ బావ


సైకిల్ షాపు,
బుధవారం, పోస్టు తీసేలోపు.

బావా,

ఈ ఉత్తరం నువ్వు బస్సెక్కేలోపు అందాలి. ఫోన్లో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. చదివాక నన్ను కొట్టాలనిపిస్తే ఆదివారం షాపు తెరిచే ఉంచుతాను.

మాస్టారు నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయనకి మాట పడిపోయి ఏడాది దాటింది. సొంత కూతుర్ని కూడా గుర్తుపట్టరు. నువ్వెళ్ళి ఎదురుగా కూర్చుంటే ఆయన నీ మొహంలోకి కాదు, నీ చొక్కా గుండీ వైపు చూస్తారు. సిద్ధపడి వెళ్ళు.

"కదయ్యా" నాది. షరతు నాది. ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి తిప్పడం కూడా నాదే. నిజం చెప్పాలంటే, అంతమంది ముందు నువ్వు బుగ్గ ఉబ్బించుకుని కోతిలా నిలబడితే ఎలా ఉంటుందా అని సరదాకి మొదలెట్టాను. పన్ను విరుగుతుందని అనుకోలేదు. ఫైనల్లో ఎందుకు కూర్చోబెట్టారో, తొమ్మిదేళ్ళు ఎందుకు మాట్లాడలేదో నాకు తెలీదు. ఆయనకి నిజంగా పిప్పరమెంటంటే ఇష్టమేమో. ఇంకెవరూ చెప్పలేరు. ఆ జవాబు ఇక దొరకదు బావా.

అక్కకి తెలీదన్నదీ అబద్ధం. నీ మొదటి ఉత్తరం నుంచీ అన్నీ చదివింది, ఇస్త్రీ బట్టల కింద దాచింది. "వాడికి కళ్ళున్నాయి" అన్న మాట అక్కదే. నేను కాగితం ముందు పెట్టుకుని కలం కొరుకుతుంటే, కూర తరుగుతూ అంది. "మైదానం మెట్ల మీద కూర్చుని ఇన్నేళ్ళు చూశాను. ఆయనకి కళ్ళున్నాయి, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదురా, ముందే వెనక్కి చూసుకునేవాడు. పెళ్ళికి ముందు నన్ను చూసింది కూడా అలాగే, పాసు కోసం మెడ తిప్పి" అంది. "వాడికి" అని మార్చింది నేను.

ఇక ఒక్కటుంది. నేను కల్పించానని నువ్వు ఖాయంగా అనుకునేది.

ఆ రోజు సైకిల్ వసారాలో పెట్టి ఆయన దగ్గరికెళ్ళాను. పలకరించాను. చూడలేదు. నా పేరు చెప్పాను, నీ పేరు చెప్పాను. గుండీ వైపే చూపు. ఇంక లేద్దామనుకుని ఊరికే, "మీ ఎనిమిదో నంబరు కోచ్ అయ్యాడు మాస్టారూ" అన్నాను.

ఆయన తల ఎత్తారు. కుడి భుజం మీదుగా వెనక్కి చూశారు. తర్వాత ఎడమ భుజం మీదుగా. నెమ్మదిగా, కుర్చీ కిర్రుమనేలా. వెనక గోడ తప్ప ఏమీ లేదు. మళ్ళీ దుప్పటి సర్దుకుని గుండీ వైపు చూస్తూ ఉండిపోయారు. వాళ్ళమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్న ఎప్పుడూ ఇలా చేయలేదే" అంది. తొమ్మిదేళ్ళు నిన్ను చూడని మనిషికి అది ఎలా వస్తుంది బావా?

ఇది రాస్తే నువ్వు నమ్మవు. నా అబద్ధాల్లో ఒకటి అనుకుంటావు. అందుకే నువ్వు నమ్మేలాంటి మాటలు తయారుచేసి ఆయన నోట్లో పెట్టాను.

కాబట్టి మాటలు నావి, ఒకటి అక్కది. మెడ తిప్పడం ఆయనది. అది కల్పించలేదు.

కుళాయి కల్పించాను. ట్యూబు ముక్క ఒక్క పూట కూడా ఆగలేదు, అది ఇంకా కారుతూనే ఉంది. అక్కకి చప్పుడు లేక నిద్ర పట్టదన్నదీ, ఇల్లు బోసిగా ఉందన్నదీ నేనన్నవే. వచ్చేటప్పుడు అసలైన వాషర్ ఒకటి తెచ్చుకో.

నీ బావమరిది